నాటినవాడు, కోసినవాడు

వాక్యభాగము: 1 కొరింథీయులకు 3:5-9



కొరింథు సంఘములో ఒక తగవు పుట్టింది. మేము పౌలు పక్షమని కొందరు, అపొల్లో పక్షమని కొందరు. పౌలు వారికి తోటను చూపించాడు. నాటే చెయ్యి ఒకటి, తడిపే చెయ్యి ఇంకొకటి, కాని ఎదుగుదల ఆ రెండు చేతులలోనూ లేదు, అది దేవునిది. వినడానికి బాగుంటుంది. అయితే మనము నాటిన చెట్టు పండ్లను మన కళ్లయెదుటే మరొకరు కోసికొంటే? అప్పుడు కూడ ఈ మాట బాగుంటుందా? ఈ దినమున ఒక మనిషి జీవితములో దానిని చూద్దాము.

ఆయన పేరు టోనీ డంజీ. అమెరికాలో ఫుట్‌బాల్ కోచ్. అది మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారములో ఉన్న బంతిని చేతపట్టుకొని పరుగెత్తుతూ, ఒకరినొకరు ఢీకొని పడగొట్టే ఆట. అక్కడ స్థిరపడిన మన తెలుగువారి పిల్లలకు బాగా తెలుసు. మైదానం అంచున నిలబడి కేకలు వేసేవాడే గట్టి కోచ్ అని చాలామంది అభిప్రాయము. డంజీ కేకలు వేసే మనిషి కాదు. నెమ్మదిగా మాట్లాడేవాడు, బూతుమాట వాడేవాడు కాదు.

1981లో, పాతికేళ్ల వయస్సులో, పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకు సహాయ కోచ్ అయ్యాడు. ప్రధాన కోచ్ కావడానికి 15 సంవత్సరములు పట్టింది. ఆయన నల్లజాతివాడు. ఆ రోజులలో నల్లజాతివారికి ఆ పదవి దొరకడమే అరుదు. చివరికి 1996లో టాంపా బే బకనీర్స్ జట్టు పిలిచింది. అది ఎలాంటి జట్టు? అంతకు ముందు 13 సంవత్సరములు వరుసగా, ఏ ఒక్క ఏడాదిలోనూ గెలుపులు ఓటములను మించలేదు. డంజీ వచ్చాక కూడ మొదటి ఐదు ఆటలూ ఓడిపోయారు. ఆయన గొంతు పెంచలేదు, పద్ధతి మార్చలేదు. మరుసటి సంవత్సరమే ఆ జట్టు చివరి పోటీలకు అర్హత పొందింది. ఆరు సంవత్సరములలో నాలుగుసార్లు అక్కడికి చేరింది. అయినా కప్పు రాలేదు. 2002 జనవరిలో యాజమాన్యము ఆయనను తొలగించింది.

ప్రియులారా, తరువాత ఏమి జరిగిందో గమనించండి. సరిగ్గా ఒక్క సంవత్సరానికి, 2003 జనవరిలో, అదే జట్టు సూపర్ బౌల్ గెలిచింది. ఆ ఆటగాళ్లలో అనేకులు డంజీ తీర్చిదిద్దినవారే. కప్పు ఎత్తింది మాత్రం కొత్త కోచ్ జాన్ గ్రూడెన్.

మన సంఘాలలో ఇది లేదా? ఒక పాస్టరుగారు ఇల్లిల్లూ తిరిగి, పిడికెడు బియ్యపు కానుకలు పోగుచేసి, మందిరానికి పునాది వేస్తారు. గోడలు లేచేసరికి బదిలీ అవుతుంది. ప్రతిష్ఠ రోజున శిలాఫలకము మీద వేరొకరి పేరు ఉంటుంది. ఈయన వెనుక వరుసలో కూర్చుంటారు. మీలో ఎవరైనా ఆ వెనుక వరుసలో కూర్చున్నారా? మీరు వేసిన పునాదిని దేవుడు మరచిపోలేదు. లెక్క శిలాఫలకము దగ్గర లేదు, ఆయన దగ్గర ఉంది.

డంజీ ఇండియానాపోలిస్ కోల్ట్స్ జట్టుకు వెళ్లాడు. 2005లో ఆ జట్టు వరుసగా 13 ఆటలు గెలిచింది. దేశమంతా వారి పేరే. ఆ డిసెంబరు 22న, క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు, 18 సంవత్సరముల కుమారుడు జేమ్స్ తన ప్రాణము తానే తీసికొన్నాడు.

ఇక్కడ నేను నెమ్మదిగా మాట్లాడాలి. ఇలాంటి ఇళ్లకు పాస్టరుగా వెళ్లినవాడిని. ఆ ఇంట్లో చెప్పడానికి మాటలుండవు. డంజీ కూడ తనకు కారణము తెలుసునని చెప్పలేదు. అంత్యక్రియల ఆరాధనలో ఆయన చెప్పినది చిన్న మాట. చివరిసారి కొడుకును మామూలుగా సాగనంపాడట, హత్తుకోలేదట. అందుకే తల్లిదండ్రులారా, దొరికిన ప్రతిసారీ మీ పిల్లలను హత్తుకొనండి అని బ్రతిమాలాడు.

పదమూడు నెలల తరువాత, 2007 ఫిబ్రవరి 4న, మయామీలో కురిసే వానలో కోల్ట్స్ 29-17తో సూపర్ బౌల్ గెలిచింది. ఆ కప్పు గెలిచిన మొదటి నల్లజాతి ప్రధాన కోచ్ డంజీ. ఎదుటి జట్టు కోచ్ లవీ స్మిత్, ఒకప్పుడు టాంపాలో ఆయనకు సహాయకుడు, ఆయనా విశ్వాసియే. మొదటివాడినైనందుకు సంతోషమే గాని, తామిద్దరూ ప్రభువు మార్గములో నడుస్తూ ఇక్కడికి వచ్చామని చూపగలగడము ఇంకా పెద్ద సంతోషమని డంజీ ఆ రాత్రి చెప్పాడు.

అయితే ఒక మాట జాగ్రత్తగా వినండి. దేవుడు కుమారుని తీసికొని దానికి బదులు కప్పు ఇచ్చాడని ఎవరైనా అంటే, అది సువార్త కాదు. ఏ కప్పూ కొడుకుకు బదులు కాదు. టాంపాలో తొలగించబడిన రోజున, సమాధి దగ్గర నిలబడిన రోజున, కప్పు ఎత్తిన రోజున, మూడు రోజులలోనూ ఆయన అదే విశ్వాసి. దేవుడు మనలో వెదకేది ఇదే. ఆయన నమ్మకత్వమును అడుగుతాడు, ఫలితమును తన చేతిలో ఉంచుకొంటాడు.

తల్లిదండ్రులారా, ఇంటర్ ఫలితాలు వచ్చే రోజున మార్కులు అడగకముందు బిడ్డను దగ్గరకు తీసికొనండి. యౌవనులారా, చనిపోవాలనే తలంపు వస్తే దానిని ఒంటరిగా మోయవద్దు. అమ్మతోనో, స్నేహితునితోనో, పాస్టరుగారితోనో, వైద్యునితోనో ఈ రోజే చెప్పండి. 14416 నంబరుకు ఫోను చేసినా వినేవారున్నారు. సంఘమా, అలాంటి దుఃఖము కలిగిన ఇంటి గురించి గుసగుసలాడకండి. వెళ్లి వారి ప్రక్కన కూర్చోండి.

ప్రార్థన చేసికొందాము. పరలోకమందున్న మా తండ్రీ, నాటి కోయలేకపోయినవారిని జ్ఞాపకము చేసికొనుము. బిడ్డలను పోగొట్టుకొన్నవారి ప్రక్కన నీవే కూర్చుండుము. గెలుపులోను ఓటమిలోను నీవారముగానే ఉండునట్లు మాకు కృప దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.