జట్టులో పెద్దలు, పిన్నలు

నిరుటి సంక్రాంతి పందెములకు మా ఏటూరునాగారము ఫుట్‌బాలు జట్టును ఎన్నుకొనునప్పుడు మేమొక పొరపాటు చేసితిమి. ముప్పది యెనిమిదేండ్ల బ్యాకు ఆటగాని పేరు కొట్టివేసి, ఆ చోట వడిగా పరుగెత్తు ఇంటర్మీడియట్ కుర్రవానిని వేసికొంటిమి. పరుగులో మావారిని మించినవారు లేకపోయిరి. కాని రెండవ సగములో ఎదుటివారు ఒక గోలు వేయగానే మా పదకొండుగురు పదకొండు దిక్కులైరి. ‘‘ఆగు, వెనుకకు రా’’ అని కేక వేయువాడు లేడు. మరి మూడు గోలులు తిని ఇల్లు చేరితిమి. గీత వెలుపల నిలిచి చూచిన ఆ పెద్దమనిషి మమ్ములను ఒక్క మాటయు అనలేదు. అన్నను బాగుండెడిది.

ఈ యేడు మరల జాబితా వ్రాయ కూర్చుండగా మాకు సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు జ్ఞప్తికి వచ్చిరి. బడిపంతులుగా పనిచేసిన ఈ హైదరాబాదు వాసి తీర్చిదిద్దిన నగర పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు మారులు గెలిచినది. 1956లో ఆయన మెల్బోర్న్ ఒలింపిక్సునకు తీసికొనిపోయిన భారత జట్టులో, 1952లో హెల్సింకి చూచివచ్చిన అజీజుద్దీన్, నూర్ మహమ్మద్ గార్లు ఉండిరి. వారితోపాటు ఇరువది యేండ్ల ప్రాయపు తులసీదాస్ బలరామ్. సికింద్రాబాదు ప్రాంతపు ఈ పేదింటి బిడ్డకు సాధనకు వచ్చుటకై సైకిలు అద్దె రహీమ్ గారే ఇచ్చెడివారట. ఆ జట్టు నాలుగవ స్థానమున నిలిచినది.

అసలు ఫలము ఆరేండ్లకు కనబడినది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో మనవారు మొదటి ఆటలోనే దక్షిణ కొరియాకు రెండు గోలుల తేడాతో ఓడిరి. అయినను చెదరలేదు. మెల్బోర్నులో కుర్రవారుగా ఉండిన పి.కె. బెనర్జీ, తంగరాజ్, బలరామ్ ఇప్పుడు ఆరితేరినవారు. ఇరువది యొకటేండ్ల అరుణ్ ఘోష్ వంటివారు వారి అండన ఉండిరి. తలకు కుట్లు పడిన బ్యాకు జర్నైల్ సింగును రహీమ్ గారు ముందువరుసకు పంపిరి. నడిమి ఆటలలో బర్మన్ గోలు కాచినను, ఫైనలునకు తంగరాజునే నిలిపిరి. అదే కొరియాపై 2–1తో స్వర్ణము వచ్చినది. గోలులు బెనర్జీవి, జర్నైల్‌వి.

కావున అనుభవమనగా నెరసిన వెంట్రుకలు కాదు. ఒకమారు ఓడి, మరల అదే ప్రత్యర్థి యెదుట నిలువగలుగుట. అది పిన్నలకు పెద్దల ప్రక్కన ఆడిననే అబ్బును. వట్టి బెంచీమీద కూర్చున్న అబ్బదు. అట్లని వయసునకు మర్యాదగా చోటిచ్చుటయు తగదు. పెద్దరికము పెండ్లి పందిటిలో చెల్లును గాని పెనాల్టీ గీతల నడుమ చెల్లదు.

ఈమారు మా జాబితాలో ఆ పెద్దమనిషి పేరు చేర్చితిమి, కుర్రవాని పేరును తీసివేయలేదు. ఇద్దరును ప్రక్కప్రక్కనే బ్యాకులు. పెద్దాయన తొంబది నిమిషములు నిలువగలడా, చివరి అరగంటకు దింపుట మేలా అన్నది మాలో తెగలేదు. ఆయననే అడుగుదమని నిన్న సాయంకాలము ఇంటికి పోయితిమి. ఆయన ఇంట లేరు. కుర్రవానిని వెంటబెట్టుకొని మైదానమునకు పోయినారని చెప్పిరి.