ఆగంతుక వత్తం, ఆవాసిక వత్తం: ట్రాఫిక్ పేటలో మన ఆతిథ్యం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ప్రత్యేక సంచికలలో విదేశీ ధమ్మ బృందాల రాకను గురించిన వార్త సాధారణంగా ఒక ఛాయాచిత్రంతోను, రెండు వాక్యాలతోను ముగుస్తుంది. అందులో పూలదండ కనబడుతుంది. ఆ రోజు ఎవరింటి పొయ్యి తెల్లవారుజామున నాలుగు గంటలకు వెలిగిందో కనబడదు. నేడు మాకప్పగించిన అంశం ‘ధమ్మ ప్రచారంలో అతిథి సేవ’. కనుక దండల ముచ్చట విడిచి, అతిథులు వచ్చినప్పుడల్లా మనకు ఎదురయ్యే చిన్న చిన్న అవాంతరాలను గురించి మాట్లాడదలచాము. అవి నవ్వుకోవడానికి మాత్రమే పనికివచ్చే సంగతులు కావు. వాటిలో మన ఆత్మగౌరవానికి సంబంధించిన ప్రశ్న ఒకటి దాగి ఉన్నది.

ముందుగా శాస్త్రం ఏమంటున్నదో చూద్దాం. వినయ పిటకంలోని చుల్లవగ్గలో వత్తక్ఖంధకమనే అధ్యాయమున్నది. వత్తమనగా కర్తవ్యం, నడవడి. కొత్తగా వచ్చిన భిక్షువు పాటించవలసినది ఆగంతుక వత్తం. అక్కడ నివసించే భిక్షువు పాటించవలసినది ఆవాసిక వత్తం. ఈ నియమాలు ఎవరో తీరికగా కూర్చుని ఊహించి వ్రాసినవి కావు. వచ్చినవారు చెప్పులతోనే ఆరామంలోకి నడిచారు. త్రాగే నీటితో కాళ్లు కడుగుకొన్నారు. ఒక భిక్షువు ఎవరూ ఉండని విహారపు గడియ తీసి, తలుపు త్రోసుకొని గబాలున లోపలికి పోగా, పై నుంచి పాము భుజం మీద పడింది. ఆయన కేక వేశాడు. ఆ కేకలు, ఫిర్యాదులు బుద్ధ భగవానుని చెవిన పడిన తర్వాతనే నియమాలు పుట్టాయి.

ఆ నియమాల సారం రెండు మాటలలో చెప్పవచ్చు. వచ్చినవాడు అడగాలి, ఉన్నవాడు చెప్పాలి. బస ఎక్కడ, భిక్షకు ఏ వీధికి పోవాలి, త్రాగే నీరేది, వాడుకొనే నీరేది, మరుగుదొడ్డి ఏ వైపు అని ఆగంతుకుడు విచారించాలి. ఆసనం వేసి, కాళ్లకు నీళ్లిచ్చి, పాత్రను చీవరాన్ని అందుకొని, ఆ సంగతులన్నీ ఆవాసికుడు తెలియజెప్పాలి. ఎంతో ఉన్నతమైన ధర్మాన్ని బోధించిన గురువు మరుగుదొడ్డి దారి చూపడాన్ని కూడా ధర్మంలో భాగంగానే ఎంచాడు. ఇది మనం గుర్తుంచుకోదగిన విషయం.

మనం నివసిస్తున్న ఈ ప్రాంతానికి ఆతిథ్యం కొత్త కాదు. మనకు తూర్పున ఉన్న తమ్లూక్ ఆనాటి తామ్రలిప్తి రేవు. ఐదవ శతాబ్ది ఆరంభంలో ఫాహియాన్ అక్కడ రెండేళ్లుండి, సూత్రాలకు ప్రతులు వ్రాసుకొని, ప్రతిమలను చిత్రించుకొని, సింహళానికి ఓడ ఎక్కాడు. క్రీ.శ. 673లో ఇత్సింగ్ ఆ రేవులోనే దిగి, నలందకు పోవడానికి ముందు అక్కడ సంస్కృతం నేర్చుకొన్నాడు. భారతదేశపు విహారాలలో కొత్తవారు రాగానే ఎదురేగి ‘స్వాగతం’ పలకడాన్ని, చేతిలోని పాత్రను, నీటి కుండను అందుకొనడాన్ని ఆయన తన గ్రంథంలో శ్రద్ధగా నమోదు చేశాడు. ఇక దక్షిణాన దాంతన్ దగ్గరి మొఘల్‌మారిలో 2003-04 నుంచి కలకత్తా విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య అశోక్ దత్తా నాయకత్వంలో జరిగిన త్రవ్వకాలలో ఒక బౌద్ధ విహారం వెలుగు చూసింది. మన పిల్లలను అక్కడికి తప్పక తీసుకొనిపోవాలి.

మన తెలుగునేల సాక్ష్యం ఇంకా స్పష్టమైనది. నాగార్జునకొండలో మూడవ శతాబ్దినాటి వీరపురుషదత్తుని పదునాలుగవ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక ఒక శాసనం వేయించింది. ఆమె చుళ్లధమ్మగిరి విహారంలో కట్టించిన చైత్యగృహాన్ని తామ్రపర్ణి, అనగా సింహళపు ఆచార్యులకు అంకితం చేసింది. ఆ ఆచార్యులు ధమ్మాన్ని వ్యాపింపజేసిన దేశాల పట్టికలో కాశ్మీర, గాంధార, చీనాలతోపాటు వంగదేశం కూడా ఉన్నది. ఆమె దానాల జాబితాలో భిక్షువులు నివసించే గదులు, ధ్యానశాల, చెరువు ఉన్నాయి. అంటే అతిథికి కావలసినది నీడ, నీరు, నిశ్శబ్దమని ఆ తల్లి ఎరుగును. ఒక తెలుగు ఉపాసిక ఆనాడు తన ఊళ్లో పరదేశీయులకు గది కట్టించింది. పరాయి రాష్ట్రంలో ఉన్న మనం ఈనాడు ఇక్కడ అదే పని చేస్తున్నాము.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి బ్రతుకుతెరువుకై వచ్చిన కూలీలు, ఫిట్టర్లు, పాయింట్స్‌మెన్, పారిశుధ్య కార్మికుల సంతానమే మనలో చాలామంది. రైల్వే మాటే పేరుగా కలిగిన ఈ ట్రాఫిక్ పేటలో మనం బెంగాలీ, హిందీ, తెలుగు కలగలిపి మాట్లాడుతాము. 1956 అక్టోబరు 14న బాబాసాహెబ్ దీక్ష స్వీకరించిన నాగపూర్ నుంచి హౌరాకు పోయే ప్రధాన రైలుమార్గం మన ఊరి మీదుగానే పోతుంది. బోధగయకు, కలకత్తాకు వచ్చిన బృందాలు మన వద్దకు రావడానికి అదొక కారణం.

ఇక అవాంతరాల విషయానికి వద్దాం. మొదటిది కాలం. భిక్షువులు మధ్యాహ్నం దాటిన తర్వాత భుజించరాదు. హౌరా నుంచి మనకు దాదాపు 115 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ బండికి రెండు గంటల దారి. కాని ఔటర్ సిగ్నల్‌కు వినయ నియమాలు తెలియవు కదా! ఒకసారి సింహళ బృందం ఎక్కిన బండి ఊరి అంచునే నిలిచిపోయింది. అది వచ్చేసరికి పదకొండున్నర. మన ప్లాట్‌ఫారం పొడవు ఒక కిలోమీటరు దాటినది, ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనదిగా పేరుపొందినది. దండలు పట్టుకొన్నవారు ఒక కొసన, అతిథుల బోగీ మరొక కొసన! ఇంటికి చేర్చి వడ్డించే వ్యవధి లేదు. డ్యూటీలో ఉన్న మన సోదరుడొకరు పరిస్థితి ముందే గ్రహించి ఇంటికి కబురు చేయడంతో, ఉపాసికలు అన్నం క్యారియర్లలో సర్దుకొని స్టేషనుకే వచ్చారు. విశ్రాంతి గదిలో భోజనదానం జరిగింది. నాటి నుంచి అన్నమే స్టేషనుకు పోవడం మన ఆచారమైనది.

రెండవది రుచి. థేరవాద భిక్షువులు పాత్రలో పడినది తింటారు. వియత్నాం నుంచి వచ్చే మహాయాన భిక్షుణులు మాంసాన్నే కాక ఉల్లిని, వెల్లుల్లిని కూడా విడిచినవారు. వెల్లుల్లి తాలింపు వేసిన పప్పును ప్రక్కన పెట్టి, ఒకరు అరటిపండుతోను, అన్నంతోను సరిపెట్టుకొంటే, వండిన ఇల్లాలు రోజంతా బాధపడింది. ఇంకొక యువకుడు ఆవకాయను కూర అనుకొని ముద్దలు కలుపుకొన్నాడు. ఆయనకు ఆ పూట మజ్జిగే శరణం.

మూడవది భాష. అతిథి ఇంగ్లీషులో చెప్పినది ఒకరు హిందీలోకి, మరొకరు తెలుగులోకి మార్చేసరికి ‘శూన్యత’ కాస్తా ‘అసలేమీ లేదు’ అయి కూర్చున్నది. వర్క్‌షాపులో పనిచేసి విరమించిన ఒక పెద్దాయన లేచి, “అన్నీ శూన్యమైతే మా పింఛను కూడా శూన్యమేనా బాబూ?” అని అడిగారు. సభ ఘొల్లుమన్నది. అతిథి నవ్వి, నాగసేనుడు మిళింద రాజుకు చెప్పిన రథం ఉపమానం ఎత్తుకొన్నారు. చక్రం రథమా, ఇరుసు రథమా అనేంతలోనే ఆ పెద్దాయన అందుకొని, “బోగీ విప్పి ముక్కలు పరిస్తే బోగీ కనపడదు. బిగిస్తే కనపడుతుంది. ముక్కలు మాత్రం ఉన్నాయి. ఇదే కదా భంతే?” అన్నారు. ముప్పై ఏళ్లు బోగీలు విప్పి బిగించిన చేతులకు ఆ ఉపమానం అనువాదం లేకుండానే అందింది.

ఇంతవరకు చెప్పినవి నవ్వుతో పోయేవి. నాలుగవది అటువంటిది కాదు. థాయ్‌లాండ్ బృందం వచ్చినప్పుడు, వృద్ధ ఉపాసిక ఒకరు పండ్ల పళ్లెం అందించబోగా, భిక్షువు దానిని చేతితో అందుకొనక తన ముందు ఒక వస్త్రం పరిచారు. ఆమె పళ్లెం అక్కడే దించి వెనక్కు వెళ్లిపోయింది. “చిన్నప్పుడు ఊళ్లో మాకు దోసిట్లో పైనుంచి నీళ్లు పోసేవారు. ఇక్కడ కూడా అంతేనా?” అని వంటింటిలో కన్నీరు పెట్టుకొన్నది. భిక్షువు మనస్సులో అంటరానితనం లేశమైనా లేదు. స్త్రీ చేతి నుంచి నేరుగా అందుకొనకపోవడం థాయ్‌లాండ్ సంప్రదాయం; అక్కడి రాజకుటుంబపు స్త్రీ ఇచ్చినా ఆ వస్త్రమే పరుస్తారు. సింహళ భిక్షువులకు ఈ పద్ధతి లేదు. విషయం తెలిసి ఆ భిక్షువు స్వయంగా వచ్చి వివరించారు. ఆమె మనస్సు కుదుటపడింది.

కాని ధమ్మ మిత్రులారా, ఒక్క క్షణం ఆలోచించండి. తరతరాలుగా ఎడంగా నిలబెట్టబడిన మనిషికి, ఒక గుడ్డ ముక్క కేవలం గుడ్డ ముక్క కాదు. వివరణ తర్వాత వచ్చినది. గాయం ముందే తగిలింది. ఆవాసికుడు ముందుగా చెప్పాలి, ఆగంతుకుడు ముందుగా అడగాలి అన్న నియమం ఎందుకున్నదో ఆ మధ్యాహ్నం మనకు బోధపడింది.

ఐదవది బస. అతిథులను హోటల్‌లో దింపుదామని, ఇరుకు క్వార్టర్లను వారికి చూపడమెందుకని కొందరు ప్రతిపాదించారు. పెద్ద క్వార్టర్లున్న నాలుగైదు ఇళ్లకే భిక్షాటనను పరిమితం చేద్దామని మరికొందరన్నారు. వారి ఉద్దేశం మంచిదే. అతిథికి ఇబ్బంది కలుగరాదని. అప్పుడు పారిశుధ్య కార్మికుల వరుసలో నివసించే ఒక సోదరి, “ఊళ్లో మా వీధికి రథం రాలేదు. ఇక్కడ భంతే కూడా రారా?” అని అడిగింది. సభలో ఎవరూ మాట్లాడలేదు. ఆ ప్రతిపాదన అంతటితో ఆగింది.

ఆ ప్రశ్నకు సమాధానం మన సంప్రదాయంలోనే ఉన్నది. ఇల్లు విడువకుండా వరుసగా భిక్షకు పోవడాన్ని సపదానచారిక అంటారు. ఉదానంలో మహాకస్సపుని కథ ఉన్నది. జబ్బు నుంచి కోలుకొన్న ఆయనకు అన్నం పెట్టడానికి ఐదు వందల మంది దేవతలు పోటీపడినా కాదని, రాజగృహంలో పేదల వీధికి, నేతగాండ్ర వీధికి భిక్షకు వెళ్లాడు. కనుక మన పేటలో భిక్షాటన ఇకపై వరుస క్రమంలోనే సాగుతున్నది. ఏ ఇంటిలో ఏది ఉంటే అదే: ఒక గరిటె అన్నం, గుప్పెడు మూరీలు, ఒక అరటిపండు.

చివరగా, భిక్షువులతోపాటు వచ్చే యువ స్వచ్ఛంద సేవకుల మాట. వారు పిల్లలకు చదువు చెప్పడానికి, గోడలకు రంగులు వేయడానికి వస్తారు. మనమేమో కుర్చీ వేసి, చీపురు ముట్టనీయము. భిక్షువు తన సిద్ధికే పాటుపడే పరిపూర్ణ మానవుడా, లేక సమాజ సేవకుడా అని బాబాసాహెబ్ ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథపు పీఠికలో ప్రశ్నించారు. సేవకుడైనప్పుడే బౌద్ధానికి ఆశ ఉన్నదని భావించారు. కాబట్టి సేవకు వచ్చినవారికి పని ఇద్దాం, మనమూ ప్రక్కన నిలిచి చేద్దాం. అదే సమయంలో, మురుగుకాలువ ప్రక్కన మన పిల్లల బొమ్మ తీసేముందు తల్లిని అడగవలసి ఉంటుందని వారికి చెబుదాం. మనం ప్రదర్శన వస్తువులం కాము, ఆతిథ్యమిచ్చేవారం. ధాన్యకటకంలో హ్యూయన్‌త్సాంగ్ సుభూతి, సూర్యుడనే భిక్షువుల వద్ద అభిధర్మం చదివి, తాను వారికి మహాయాన శాస్త్రాలు చెప్పాడు. అతిథి, ఆతిథేయి ఇద్దరూ గురువులే, ఇద్దరూ శిష్యులే.

మా ప్రతిపాదన ఇది. ఈ సంచిక వెలువడిన తర్వాత ఒక కాగితానికి రెండు వైపులా ముద్రిద్దాం. ఒక వైపు ఆగంతుకులు అడగవలసినవి, రెండవ వైపు ఆవాసికులు చెప్పవలసినవి. భోజన వేళ, విడిచిన పదార్థాలు, అందుకొనే పద్ధతి, నీళ్లు, మరుగుదొడ్డి, రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రించేవారి ఇళ్లు, బొమ్మలు తీయడానికి అనుమతి. తెలుగు, బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు నాలుగు భాషలలోను ఉండాలి. అది చుల్లవగ్గకు మన పేట వ్రాసుకొన్న చిన్న అనుబంధమవుతుంది.

 భవతు సబ్బ మంగళం. జై భీమ్.