పాత కంప్యూటరును పారేసే ముందు
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం ఆఫీసు కంప్యూటరు 2011 నాటిది. మీ పి.ఎఫ్., గ్రాట్యుటీ కేసుల కాగితాలు, సభ్యత్వ పట్టికలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఈమధ్య అది తెరుచుకోవడానికే పది నిమిషాలు పట్టేది. కేసు పని మీద వచ్చిన మనిషి పూట కూలి పోగొట్టుకుని బెంచీ మీద కూర్చోవలసి వచ్చేది. బాగుచేసే కొట్టువాడు చూసి, “దీని పని అయిపోయింది, కొత్తది కొనండి” అన్నాడు. కొనాలంటే ఎవరి డబ్బు? మీ చందా డబ్బు. అందుకే అసలు జబ్బేమిటో చూద్దామనుకున్నాం.

జబ్బు హార్డ్ డిస్కుది. అందులో పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది. కావలసిన ముక్క చదివే ముల్లు కిందికి వచ్చేదాకా ఆగాలి. అలా వేల ముక్కలు ఏరుకోవాలి. ఎస్.ఎస్.డి.లో తిరిగేదేమీ లేదు, అన్నీ చిప్పులే. కనుక ఆ ఆగడం ఉండదు.

మేము ఎన్.వి.ఎం.ఇ. రకం ఎస్.ఎస్.డి. తెచ్చి, అడాప్టరు కార్డుతో బిగించాం. మీట నొక్కితే “బూట్ డిస్కు లేదు” అని వచ్చింది! కొట్టువాడు నవ్వాడు. కాని తప్పు డిస్కుది కాదు.

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ సంగతి మీకు తెలుసు. మస్టరులో పేరు లేకపోతే ఎంత పనిమంతుణ్ణయినా లోపలికి రానివ్వడు. కంప్యూటరులో ఆ వాచ్‌మన్ పేరు బయాస్. ఎన్.వి.ఎం.ఇ. పద్ధతి వచ్చిందే 2011లో. మన బోర్డు మస్టరులో హార్డ్ డిస్కు, సి.డి., పెన్ డ్రైవు పేర్లున్నాయి, దీని పేరు లేదు. అయితే వాచ్‌మన్ అధికారం గేటు వరకే. లోపల లైనక్సు మేలుకున్నాక దానికి ఎన్.వి.ఎం.ఇ. బాగా తెలుసు.

కనుక బూట్ భాగాన్ని మాత్రం ఒక పెన్ డ్రైవులో పెట్టాం. మిగతా లైనక్సు, మన కాగితాలు ఎస్.ఎస్.డి.లో ఉంచాం. బయాస్‌లో మొదటి బూట్ పరికరంగా పెన్ డ్రైవును ఎంచాం. పెన్ డ్రైవు గేటు దాటించింది, ఆ తరువాత పనంతా ఎస్.ఎస్.డి.దే. ఇప్పుడు కంప్యూటరు నిమిషం లోపే తెరుచుకుంటోంది. ఆ పెన్ డ్రైవు పోతే కంప్యూటరు లేవదు, కాగితాలు మాత్రం పోవు. అయినా దానికి నకలు తీసి బీరువాలో పెట్టాం.

మీ ఇంట్లో పిల్లల పాత కంప్యూటరు ఉంటే ఈ తిప్పలు పడనక్కరలేదు. సాటా రకం ఎస్.ఎస్.డి. అడిగి తీసుకోండి. పాత హార్డ్ డిస్కు తీగలే దానికి సరిపోతాయి, బయాస్ దాన్ని మామూలు డిస్కుగానే గుర్తిస్తుంది. చిన్న పుల్లలాంటి ఎం.2 ముక్కల్లో సాటావీ ఉంటాయి, ఎన్.వి.ఎం.ఇ.వీ ఉంటాయి. రెండూ చూడడానికి ఒకటే, కనుక అట్ట మీద చదివి కొనండి.

రెండు జాగ్రత్తలు. ఎస్.ఎస్.డి. చెడితే చెప్పాపెట్టకుండా చెడుతుంది, కాగితాల నకలు వేరేచోట తప్పక ఉంచండి. పాత డిస్కును పూర్తిగా తుడవకుండా పాత సామాన్లవాడికి అమ్మకండి, అందులో మన బ్యాంకు ఖాతా నంబర్లుంటాయి.

యంత్రం పాతబడిందని ఎవరైనా అంటే, ఏ భాగం పాతబడిందో అడగండి. మగ్గంలో ఒక భాగం అరిగితే మగ్గాన్నే తుక్కుకు వేయం కదా!