అడవిభూముల మార్పిడి



అడవియంచున మడిగల మనవారికి "మా నేల నిచ్చి అడవినేల పుచ్చుకొందము" అను తలంపు సహజము. కాని 1980వ సంవత్సరపు అటవీ సంరక్షణ చట్టము వచ్చినది మొదలు, కేంద్రప్రభుత్వము ముందుగా అనుమతింపనిదే రిజర్వు అడవిని రాష్ట్రప్రభుత్వము సైతము విడువజాలదు. కావున గ్రామమున నోటిమాటతో జరిగిన మార్పిడి చెల్లదు. అనుమతి దొరకినను, పోయిన యడవికి బదులుగా సామాన్యముగా నంతే విస్తీర్ణము గల అడవి కాని భూమి నిచ్చి, మొక్కలు నాటుటకు సొమ్మును చెల్లింపవలెను. ఎకరమున కెకరము సరిపోవును. నూరేండ్ల మద్దిచెట్టునకు నిన్న నాటిన మొక్క సరిపోవునా? మన మిచ్చు బీడు ఏ నిరుపేదవాని పశువులకు మేతయో, అదియు విచారింతము. అనుమతిపత్రమును, సర్వేహద్దులను కన్నులార చూచిన పిదపనే మనవారు చేవ్రాలు చేయుదురు గాక యని మనవి చేయుచున్నాము.