కాయకష్టము చేయు గర్భిణులు – దినముల లెక్క

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి ఉత్సవములలో నావంటివానిని పిలిచినచో భాగవతము మీదనో భారతము మీదనో నాలుగు మాటలు చెప్పునని మీరు తలచుట సహజము. ఆ ముచ్చట మరియొకనాడు తీర్చుకొందము. నేడు నేను చెప్పబూనినది గర్భము ధరించి కూలిపని చేయు స్త్రీలను గూర్చి. ఈ సభలో కూర్చున్న తల్లులలో పెక్కుమంది నాట్లు వేసినవారే, మిరపకాయలు కోసినవారే, ఇసుక తట్టలు మోసినవారే. కనుక విషయము మీకు క్రొత్తది కాదు. అందులో ఒక లెక్క కలదు. దానిని మాత్రము మనము సరిగా చూచుకొనుటలేదు. లెక్కలు వ్రాయుట నా వృత్తి గనుక ఆ వైపునుండియే చెప్పెదను.

అయినను పురాణమును బొత్తిగా విడువలేను. హిరణ్యకశిపుడు తపస్సునకు పోయినపుడు ఇంద్రుడు వాని భార్యయైన లీలావతిని, గర్భిణియని తెలిసియు, చెరపట్టి కొనిపోవుచుండగా నారదుడు అడ్డుపడి విడిపించిన కథ మీరెరుగుదురు. మనము సాధారణముగా గర్భస్థుడైన ప్రహ్లాదునకు ఆ ముని చేసిన ఉపదేశమునే చెప్పుకొందుము. ఉపదేశమునకు ముందు ఆయన చేసిన పని యొకటి కలదు. ఆమెను తన ఆశ్రమమునకు తోడ్కొనిపోయి, భర్త తిరిగి వచ్చువరకు ఉండుటకు చోటిచ్చెను. తల్లికి నీడ దొరికిన పిమ్మటనే బిడ్డకు జ్ఞానబోధ జరిగినది.

ధర్మశాస్త్రములు చూచినను ఈ దృష్టి కనబడును. రెండు నెలలు దాటిన గర్భిణి ఏరు దాటునపుడు రేవు సుంకము ఇయ్యనక్కరలేదని మనుస్మృతి. అతిథులకంటె ముందుగా గర్భిణికి అన్నము పెట్టుమనియు ఆ గ్రంథమే చెప్పినది. కౌటిల్యుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, గర్భిణికి నావాధ్యక్షుని ముద్ర యిచ్చి ఉచితముగా దాటింపుమనెను. గర్భవతియైన దాసికి ప్రసవ పోషణమునకు ఏర్పాటు చేయకయే ఆమెను అమ్మినవానికి, తాకట్టు పెట్టినవానికి దండన విధించెను. దాసిని అమ్ముటయే తప్పని ఆయన అనలేదు. ఆ కాలపు ధర్మమునకు అది హద్దు. అయినను నాకు మిక్కిలి నచ్చినది ఆ ముద్ర. పడవవాని దయాదాక్షిణ్యములకు వదలక, చేతిలో ఒక గుర్తు పెట్టినాడు. గుర్తు చూపిన స్త్రీని పడవవాడు కాదనుటకు వీలులేదు. ఈ మాట కొంచెము జ్ఞాపకముంచుకొనుడు.

ఇక వైద్యుల మాట. చరకుడు శారీరస్థానములో గర్భమునకు కీడు కలిగించు పనులను వరుసగా చెప్పినాడు. మిట్టపల్లములుగాను గట్టిగాను ఉన్న ఆసనముల మీద కూర్చుండుట, మలమూత్ర వేగములను ఆపుకొనుట, అలవాటులేని కఠినమైన శ్రమ, మిక్కిలి కుదుపు గల వాహనములెక్కుట. ఈ పట్టికను చదివినపుడెల్ల నాకు మన కూలీలను పట్టణమునకు తీసికొనిపోవు ట్రాక్టరు తొట్టియే కన్నులకు కట్టును. మూత్రమును ఆపుకొనుట యనునది చిన్న సంగతిగా తోచవచ్చును. మరుగుదొడ్డి లేని పనిచోట ప్రొద్దున పోయి సాయంకాలము వచ్చు స్త్రీని అడిగి చూడుడు. ఆమె నీళ్లు త్రాగుటయే మానివేయును. ఎండలో నీళ్లు లేక పనిచేయు గర్భిణికి కలుగు అపాయము రెట్టింపు.

మన ప్రాంతపు పనులలో తెలియకుండ కీడు చేయునవి కొన్ని కలవు. పొగాకు పచ్చియాకు మంచుతో తడిసియున్నపుడు చేతులతో కోసినచో అందలి నికోటిను చర్మము గుండా దేహములోనికి దిగును. వాంతులు, తలతిప్పు కలుగును. గర్భిణికి ఆ లక్షణములు కనబడినచో ఇంటివారు వేవిళ్లని తోసివేయుదురు. మందు కొట్టిన మరునాడే మిరపచేనిలోనికి దింపుట మరియొక అన్యాయము. స్లాబు వేయునాడు కంకర తట్టలు పై అంతస్తునకు అందించు వరుసలో నిలిచిన స్త్రీకి ఊపిరి త్రిప్పుకొనుటకైనను వ్యవధి యుండదు. 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో మన దేశమందలి గర్భిణులలో 52.2 శాతమునకు రక్తహీనత కలదని తేలినది. తట్టకు ఎత్తు బరువు మాత్రము అందరికి ఒక్కటే.

నాట్ల ముఠాలలో ఒక మంచి ఆచారమును చూచుచున్నాము. ఎకరమునకింతయని గుత్తకు ఒప్పుకొన్న ముఠాలో ఒకరు వెనుకబడినచో అందరి కూలి తరుగును. అయినను మన తల్లులు కొందరు గర్భిణిని గట్టుమీద నారు కట్టలు అందించు పనికి మార్చి, కూలిలో సమభాగమే యిచ్చుచున్నారు. ఇది మెచ్చదగినది. కాని ఈ ఉపకారపు వ్యయము ఎవరి పద్దున పడుచున్నదో చూచితిరా? తోటి కూలీల పద్దున. పొలముగల ఆసామికి అందులో పైసా ఖర్చు లేదు. ఆసాములు ఈ సభలోను ఉన్నారు. వారు నొచ్చుకొనినను లెక్క లెక్కయే.

ఈ వ్యయమును పని చేయించుకొనువాని పద్దున వ్రాయవలెనను భావముతోనే చట్టములు పుట్టినవి. 1919లో వాషింగ్టనులో కూడిన అంతర్జాతీయ కార్మిక సమావేశము ప్రసవమునకు ముందు ఆరు వారములు, తరువాత ఆరు వారములు విశ్రాంతి యుండవలెనని ఒడంబడిక చేసినది. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి బిల్లు చర్చకు రాగా డాక్టరు అంబేద్కరు దానిని బలపరచి, తల్లికి విశ్రాంతి దొరకుట దేశమునకే ప్రయోజనమని వాదించెను. ఆ మరుసటి యేట బొంబాయిలో చట్టమైనది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు చేరియుండిన మద్రాసు రాజధానికి 1934 సంవత్సరపు చట్టము వచ్చినది. దేశమంతటికి వర్తించునది 1961లో చేయబడినది. 2017లో దానిని సవరించి, పండ్రెండు వారముల సెలవును మొదటి యిద్దరు బిడ్డల విషయమున ఇరువదియారు వారములు చేసిరి. ఇప్పుడీ నిబంధనలన్నియు 2020 సంవత్సరపు సామాజిక భద్రతా కోడులో చేరి, 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చినవి. మన పెద్దలైనచో దీనిని స్మృతియనెడివారు.

అందులో కూలి తల్లులు తెలిసికొనదగినవి చెప్పెదను. ప్రసవమైన తరువాత, లేక గర్భస్రావమైన తరువాత, ఆరు వారములు ఆమెచేత పని చేయించుట నేరము. ప్రసవమునకు ముందు ఆరు వారములు, దానికి ముందు ఒక నెల, ఈ కాలములో ఆమె కోరినచో కఠినమైన పనియు, గంటలకొలది నిలుచుండు పనియు ఆమెకు చెప్పరాదు. తేలికపని యిచ్చితిమి గదాయని కూలి తగ్గింపరాదు. సెలవులో నున్న స్త్రీని పనినుండి తీసివేయరాదు. బిడ్డకు పదునైదు నెలలు నిండువరకు పాలిచ్చుటకు దినమునకు రెండు విరామములు, మామూలు విశ్రాంతికి అదనముగా, ఇయ్యవలెను. మేస్త్రి ద్వారా కుదిరినదని చెప్పి యజమాని తప్పించుకొనుటకు వీలులేదు.

ఇందులో నాకు కనబడిన లోపమును గూడ చెప్పవలెను. కఠినమైన పని వలదని ఆమెయే కోరవలెనట. కోరిన కూలిమనిషితో మేస్త్రి ఏమనును? “రేపటినుండి రావద్దమ్మా” యనును. తీసివేయుటయు చట్టవిరుద్ధమే, కాని ఏ మస్టరులోను పేరులేని స్త్రీని తీసివేసినట్లు ఋజువేది? మరియు మొదటి మూడు నెలలలో గర్భము జారిపోవు భయము హెచ్చు. చట్టపు రక్షణ మొదలగునది ఏడవ నెల దాటిన పిమ్మట.

ఋజువు మాట వచ్చినది గనుక అసలు సంగతికి వత్తును. ప్రసూతి భత్యము దొరకవలెనన్నచో ప్రసవమునకు ముందటి పండ్రెండు నెలలలో ఆమె ఆ యజమానియొద్ద 80 దినములు పని చేసియుండవలెను. వరుసగా నుండనక్కరలేదు. జీతముతో కూడిన సెలవు దినములును లెక్కకు వచ్చును. ఎనుబది దినములనగా ఎంత? జిన్నింగు మిల్లులోనో, పొగాకు గ్రేడింగులోనో ఒక పంటకాలము పనిచేసిన స్త్రీకి సులభముగా నిండును. కాని మస్టరులో నిండవలెను గదా.

భార్యాభర్తలు కలిసి చేయు పనులలో ఈ మోసము మిక్కిలి హెచ్చు. ఇటుక బట్టీలలో అడ్వాన్సు యిచ్చి దంపతులను ఒక జతగా కుదుర్చుకొందురు. పద్దు మాత్రము భర్త పేర నుండును. మహారాష్ట్రములో చెరకు కొట్టుటకు వచ్చు దంపతులకు ఉమ్మడిగా “కోయతా” యని పేరు, అనగా కొడవలి. ఇద్దరు మనుషులు, నాలుగు చేతులు, ఖాతాలో ఒక్క కొడవలి! భార్య గర్భవతియైనపుడు ఆమె దినములను ఎక్కడినుండి తీసి చూపగలము?

మస్టరులో పేరున్నచో ఏమగునో ఢిల్లీ స్త్రీలు చూపించిరి. అక్కడి నగరపాలక సంస్థలో రోడ్లపని, కట్టడపు పని చేయు స్త్రీలు మస్టరు రోలుమీద దినకూలికి పనిచేయుచుండిరి. ఖాయపు ఉద్యోగినులకు ప్రసూతి సెలవు కలదు, వీరికి లేదు. సంవత్సరములకొలది పనిచేసినను దినకూలి దినకూలియేయని సంస్థవారి వాదము. పారిశ్రామిక ట్రిబ్యునలు 1996లో స్త్రీల పక్షమున చెప్పెను. సంస్థ హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టునకు పోయెను. 2000 మార్చి 8న సుప్రీంకోర్టు తీర్పునిచ్చుచు, ప్రసూతి చట్టము దినకూలి స్త్రీలకు గూడ వర్తించునని నిర్ణయించెను. ఆ స్త్రీలకు పెద్దల సిఫారసు లేదు, చదువు లేదు. కౌటిల్యుని ముద్ర వలె, మస్టరులో తమ పేర్లు మాత్రము కలవు.

లెక్కలవానిగా నేను ముచ్చటపడు మరియొక తీర్పు 1977 నాటిది. తమిళదేశపు తోటలో పనిచేసిన స్త్రీకి యాజమాన్యము పండ్రెండు వారముల భత్యమును 72 దినములకు కట్టి యిచ్చినది. ఆదివారములు పనిలేని దినములు గనుక తీసివేసితిమనిరి. వారమనగా ఏడు దినములనియు, పండ్రెండు వారములు 84 దినములనియు సుప్రీంకోర్టు తేల్చినది. గర్భము ఆదివారమున సెలవు పుచ్చుకొనదు గదా! ఈ తీర్పు ననుసరించి నేటి ఇరువదియారు వారములు 182 దినములగును. దినకూలి 400 రూపాయలనుకొందము. భత్యము 72,800 రూపాయలు.

ఇప్పుడు రెండవ వైపు చూడుడు. పొలములో నాట్లు వేయు స్త్రీ ఈ చట్టపు పరిధిలోనికి రాదు. కర్మాగారములు, గనులు, తోటలు, పదిమందికి తక్కువ కాని దుకాణములు, సంస్థలు మాత్రమే వచ్చును. ఆమెకున్నది మాతృ వందన పథకము. మొదటి కాన్పునకు 5,000 రూపాయలు, రెండవసారి ఆడపిల్ల పుట్టినచో 6,000. అదే కూలి లెక్కన 5,000 రూపాయలు పదమూడు దినముల పనికైనను సరిగా రావు. ఒకే ఊరిలో, ఒకే వీధిలో, మిల్లునకు పోవు కోడలికి 182 దినములు, పొలమునకు పోవు కోడలికి పండ్రెండున్నర. ఈ భేదమునకు న్యాయమేదియు నాకు తోచలేదు. పొలము పని మిల్లు పనికంటె తేలికయని ఈ సభలో ఎవరైన అందురా? దీనిని మార్చవలసినవారు శాసనసభలలో ఉన్నారు. ఓట్లకు వచ్చునపుడు అడుగవలసినవారు ఇక్కడనే ఉన్నారు.

అంతవరకు మనచేతిలోని పని యేమి? కట్టడపు పనికి పోవు స్త్రీలు ఏడాదిలో 90 దినములు పనిచేసినట్లు చూపినచో సంక్షేమ బోర్డులో పేరు నమోదగును. ప్రసూతి సాయము అక్కడ వేరుగా కలదు. అచ్చటను దినముల లెక్కయే అడుగుదురు. కావున మన గ్రంథాలయము తరఫున ప్రతి కూలి తల్లికి ఒక చిన్న పుస్తకము ఇయ్యవలెనని నా మనవి. తేది, పనిచోటు, పని, మేస్త్రి పేరు, కూలి, సంతకము లేక వేలిముద్ర: ఆరు గడులు చాలును. భర్తతో జతగా పోయినను ఆమె పుస్తకము ఆమెకే యుండవలెను. మేస్త్రి సంతకము చేయనన్నచో తోటి కూలీలిద్దరిచేత వేలిముద్ర వేయించుడు. సెల్‌ఫోనులో పనిచోటు ఫొటో తీసి యుంచినను మంచిదే. వ్రాయలేనివారికి మన చదువుకొను పిల్లలు సాయంకాలము వ్రాసి పెట్టగలరు. పత్రికలు చదువు బల్ల ఎనిమిది గంటలవరకు ఖాళీగానే యుండును.

మొదటి ఇరువదియైదు పుస్తకముల వెల నేనిచ్చెదను. గడులు గీచి తెచ్చు పనియు నాదే. వచ్చు ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు ఆ బల్లయొద్ద కూర్చుందును. మిల్లులకును స్లాబు పనులకును పోవు తల్లులు ముందుగా రావలెను. వారి సీజను అప్పుడే మొదలైనది, దినములు పోవుచున్నవి.