పై బాణం వెనక ఉన్న మాన్యువల్

ఈ రోజు జూన్ 8. 1989లో సరిగ్గా ఇదే తేదీన బ్రయాన్ ఫాక్స్ అనే ప్రోగ్రామర్ బాష్ షెల్ తొలి విడతను బయటికి వదిలారు. ఆ సందర్భం పెట్టుకునే ఈ వారం ప్రసంగం. షెల్ అంటే ఏమిటి, కమాండ్ లైన్ అంటే ఏమిటి అని మొదటి నుంచి చెప్పను. ఈ కార్యక్రమం వినేవాళ్ళలో చాలామంది రోజూ ఆ నల్ల తెర ముందు కూర్చునేవాళ్ళే. బాష్ గురించి కూడా ఎక్కువ చెప్పను. బాష్ కోసం పుట్టి, బాష్ వెళ్ళని చోట్లకు కూడా వెళ్ళిన ఒక లైబ్రరీ ఉంది. దాని పేరు గ్నూ రీడ్‌లైన్. దానికి జంటగా హిస్టరీ అనే మరో లైబ్రరీ. నా మాటలన్నీ ఈ రెండింటి గురించీ, అంతకన్నా ఎక్కువగా వాటి మాన్యువల్ గురించీ.

ముందుగా ఒక అపోహ తీసేద్దాం. పై బాణం కీ నొక్కితే ఇందాకటి కమాండ్ తిరిగి వస్తుంది కదా, అది లైనక్స్ గొప్పతనమనీ, టెర్మినల్ చేసే పని అనీ చాలామంది అనుకుంటారు. కాదు. యూనిక్స్‌లో టెర్మినల్‌ను చూసుకునే డ్రైవర్‌కు తెలిసిన దిద్దుబాట్లు చాలా కొద్ది. ఒక అక్షరం చెరపడం, ఒక మాట చెరపడం, లైను మొత్తం కొట్టెయ్యడం, దాదాపు అంతే. తొలి రోజుల్లో ఆ పాటి సౌకర్యం కూడా లేదు. టెలిటైప్ యంత్రాల్లో అక్షరం కాగితం మీద పడుతుంది, పడ్డదాన్ని తుడవలేరు. అందుకే హ్యాష్ గుర్తు కొడితే వెనకటి అక్షరం రద్దయినట్టు, ఎట్ గుర్తు కొడితే లైను మొత్తం రద్దయినట్టు లెక్క. రీడ్‌లైన్ చేసేదేమిటంటే, మనం టైపు చేస్తున్నంతసేపూ ఆ డ్రైవర్‌ను పక్కకు తప్పుకోమంటుంది. ప్రతి కీనీ తనే అందుకుంటుంది, లైనును తనే గీస్తుంది, కర్సర్‌ను తనే నడుపుతుంది. మీరు ఎంటర్ నొక్కాక పూర్తయిన లైనును ప్రోగ్రాం చేతికి ఇస్తుంది. బాష్‌లో పనిచేసే వేళ్ళు జీడీబీ డీబగ్గర్‌లోనూ, ఆక్టేవ్‌లోనూ, ఆర్ భాషలోనూ తడుముకోకుండా పనిచేయడానికి కారణం ఇదే.

కమాండ్ల చరిత్రను దాచుకోవడం కూడా యూనిక్స్ సొంత ఊహ కాదు. 1970ల మొదట్లోనే వారెన్ టైటెల్‌మన్ లిస్ప్ వాళ్ళకు అలాంటి ఏర్పాటు చేసి పెట్టారు. యూనిక్స్‌కు దాన్ని తెచ్చింది బర్కిలీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్. రెండు ఆశ్చర్యార్థకాలు కొడితే కిందటి కమాండ్ మళ్ళీ నడవడం అక్కడిదే. పేరు సగం కొట్టి మిగతాది పూర్తి చేయించుకోవడం టెనెక్స్ అనే వ్యవస్థ నుంచి వచ్చింది. కార్నెగీ మెలన్‌లో కెన్ గ్రీర్ దాన్ని సీ షెల్‌కు అతికించారు. లైను మధ్యలోకి వెళ్ళి దిద్దడం, అదీ ఈమ్యాక్స్ పద్ధతిలోనో వీఐ పద్ధతిలోనో, బెల్ ల్యాబ్స్‌లో డేవిడ్ కార్న్ షెల్‌లో స్థిరపడింది. ఇవన్నీ అప్పటికే ఉన్నాయి. కాకపోతే ఏ షెల్ సొత్తు ఆ షెల్ లోపలే ఉండిపోయింది. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ తొలి ఉద్యోగి అయిన ఫాక్స్ ఆ పనిని షెల్ నుంచి విడదీసి, ఎవరైనా తమ ప్రోగ్రాంకు తగిలించుకునే లైబ్రరీగా చేశారు. తర్వాత, 1990ల తొలినాళ్ళ నుంచి, క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ యూనివర్సిటీలో పనిచేసిన చెట్ రామీ దాని భారం తలకెత్తుకున్నారు. బాష్‌నూ రీడ్‌లైన్‌నూ మూడు దశాబ్దాలు దాటి ఒకే మనిషి కనిపెట్టుకుని ఉండడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

ఇక మాన్యువల్ సంగతి. ఇది టెక్సిన్‌ఫో అనే పద్ధతిలో రాసింది. ఒకే మూలం నుంచి తెర మీద చదివే ఇన్ఫో పుటలూ వస్తాయి, అచ్చువేసే పుస్తకమూ వస్తుంది. అందులో రెండు భాగాలు, ఒకటి వాడుకునేవాళ్ళకు, రెండోది ప్రోగ్రాం రాసేవాళ్ళకు. వాడుకునేవాళ్ళ భాగాన్నే బాష్ మాన్యువల్‌లో కూడా ఒక అధ్యాయంగా చేర్చుకుంటారు. బాష్‌కు మాత్రమే వర్తించే వాక్యాలకు లోపలే గుర్తులు పెట్టి ఉంటాయి. అవసరాన్ని బట్టి అవి కనిపిస్తాయి, లేదా తప్పుకుంటాయి. ఒక చోట దిద్దితే రెండు పుస్తకాలూ దిద్దుకుంటాయి. డాక్యుమెంటేషన్ రాసే ఉద్యోగంలో ఉన్న యువతీయువకులు ఈ ఏర్పాటును మూలం తెరిచి చూడాలని నా కోరిక.

అంతకంటే గొప్పది ఆ మాన్యువల్ ప్రతి చిన్న కదలికకూ ఒక పేరు పెట్టడం. మీరు మామూలుగా ఏ అక్షరం కొట్టినా, అది తనను తాను లైనులో చేర్చుకునే ఒక ఫంక్షన్. దానికీ ఒక పేరుంది. పేరు ఉంది కాబట్టే మీ ఇంటి డైరెక్టరీలో డాట్ ఇన్‌పుట్‌ఆర్‌సీ అనే ఫైలులో ఒక్క వరుస రాసి ఆ పనిని మీకు నచ్చిన కీకి అప్పగించవచ్చు. ఒక ఉదాహరణ వినండి. లైనులో స్లాష్ యూఎస్ఆర్ స్లాష్ లోకల్ స్లాష్ బిన్ అని కొట్టారనుకుందాం. కంట్రోల్ డబ్ల్యూ నొక్కితే ఆ దారి మొత్తం పోతుంది. ఆల్ట్ పట్టుకుని బ్యాక్‌స్పేస్ నొక్కితే బిన్ ఒక్కటే పోతుంది. రెండూ మాటను చెరిపేవే. మొదటిదానికి ఖాళీ వచ్చేదాకా ఒకే మాట, అది పాత యూనిక్స్ డ్రైవర్ అలవాటు. రెండోదానికి అక్షరాలూ అంకెలూ ఆగిన చోట మాట ఆగుతుంది, అది ఈమ్యాక్స్ అలవాటు. రీడ్‌లైన్ రెంటినీ ఉంచి, దేని పేరు దానికి పెట్టింది. మొదటిదాని పేరులోనే యూనిక్స్ అని ఉంటుంది, అది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిసేలా. ఇలా చెరిపిన మాట పోదు కూడా. కంట్రోల్ వై నొక్కితే తిరిగి వస్తుంది.

ప్రోగ్రామర్ల భాగంలో నాకు ప్రాణమైన చోటు చివరన ఇచ్చిన ఫైల్‌మ్యాన్ అనే చిన్న ప్రోగ్రాం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, క్షమించాలి. నేను సీ భాష పాఠం చెప్పే రోజుల్లో మా ల్యాబ్‌లో ఆ మాన్యువల్ ప్రింటు కట్ట ఒకటి ఉండేది. పిల్లలు దాన్ని చూసి ఈ ప్రోగ్రామ్‌ను టైపు చేసేవారు. అందులో ఒక పట్టిక ఉంటుంది. కమాండ్ పేరు, దాన్ని నడిపే ఫంక్షన్, ఒక్క వరుస వివరణ. సీడీ, డిలీట్, హెల్ప్, లిస్ట్, రినేమ్, ఇలా పదకొండు కమాండ్లు. ట్యాబ్ నొక్కగానే రీడ్‌లైన్ మనం రాసిన ఫంక్షన్‌ను పిలుస్తుంది. కర్సర్ ఉన్న మాట లైను మొదట్లో ఉంటే అది కమాండ్ పేరు అయి ఉండాలి, లేదంటే ఫైలు పేరు. కమాండ్ పేరైతే ఇంకో ఫంక్షన్‌ను మొదట సున్నాతో పిలుస్తుంది, అంటే కొత్తగా మొదలుపెట్టమని. తర్వాత పదేపదే పిలుస్తూనే ఉంటుంది. పిలిచినప్పుడల్లా కలిసే పేరు ఒక్కటి ఇవ్వాలి. అయిపోయాక నల్ ఇవ్వాలి. ఆర్ కొట్టి ట్యాబ్ నొక్కితే రినేమ్ పూర్తయిపోతుంది. ఎల్ కొట్టి నొక్కితే లిస్ట్, ఎల్ఎస్ రెండూ కలుస్తాయి కాబట్టి ఆగుతుంది, మళ్ళీ నొక్కితే రెండూ చూపిస్తుంది. పాయింటర్లంటే బెదిరిపోయే పిల్లలకు, ఫంక్షన్ చిరునామాను ఒక పట్టికలో దాచి అవసరమైనప్పుడు పిలవడం అంటే ఏమిటో ఇక్కడ కళ్ళకు కట్టేది.

ఆ ప్రోగ్రాంలో డిలీట్ అని కొట్టి ఫైలు పేరు ఇస్తే ఫైలు పోదు. ఇది పంచిపెట్టడానికి మరీ ప్రమాదమైన పని, కావాలంటే మీరే రాసుకోండి అనే అర్థం వచ్చే సందేశం వస్తుంది. రినేమ్‌కూ అంతే. పిల్లలు పగలబడి నవ్వేవారు, ఆ వెంటనే కూర్చుని డిలీట్‌ను తమ చేత్తో రాసేవారు. ఉదాహరణ ఎక్కడిదాకా చూపాలో, ఎక్కడ చదివేవాడికి వదిలిపెట్టాలో ఇంత బాగా తెలిసిన పుస్తకాలు తక్కువ.

సమయం తరుగుతోంది కాబట్టి మిగతాది త్వరగా చెబుతాను. రీడ్‌లైన్ జీపీఎల్ లైసెన్సు కింద ఉంది. దాన్ని కలుపుకుని పంచే ప్రోగ్రాం కూడా అదే పద్ధతిలో స్వేచ్ఛగా ఉండాలన్నది ఫౌండేషన్ పట్టు. జర్మనీకి చెందిన బ్రూనో హైబ్లే తన క్లిస్ప్ అనే లిస్ప్ వ్యవస్థకు రీడ్‌లైన్ తగిలించి పంచితే, 1992లో ఆయనకూ ఫౌండేషన్ స్థాపకుడు రిచర్డ్ స్టాల్‌మన్‌కూ మధ్య ఉత్తరాలు నడిచాయి. చివరికి క్లిస్ప్ జీపీఎల్ కిందికి వచ్చింది. కొందరికి ఇది బలవంతంగా కనిపిస్తుంది. నా దృష్టిలో ఇది న్యాయమైన బేరమే. ఇష్టం లేనివాళ్ళకు వేరే దారులూ ఏర్పడ్డాయి. బీఎస్‌డీ వాళ్ళ లిబ్‌ఎడిట్ ఉంది, ఆపిల్ కంప్యూటర్లలో వచ్చేది అదే. రెడిస్ డేటాబేస్ రాసిన సాల్వటోరే శాన్‌ఫిలిప్పో చేతిలో లైన్‌నాయిజ్ అనే అతి చిన్న లైబ్రరీ పుట్టింది. పైథాన్ కూడా 3.13 నుంచి సొంత ఏర్పాటు చేసుకుంది. అయినా వీటన్నిటిలో కంట్రోల్ ఏ నొక్కితే లైను మొదటికే వెళతారు.

తెలుగు వాళ్ళుగా మనకు పట్టవలసిన విషయం ఒకటి మిగిలింది. 2002లో వచ్చిన 4.3 విడతతో రీడ్‌లైన్‌కు బహుళ బైట్ల అక్షరాలు అర్థమయ్యాయి. మన ‘క్ష’ను తీసుకోండి. మనకు ఒక్క అక్షరం. యునికోడ్‌లో క, పొల్లు, ష అని మూడు సంకేతాలు. యూటీఎఫ్-8లో తొమ్మిది బైట్లు. తెలుగులో ఫైలు పేరు కొట్టి వెనక నుంచి చెరిపితే మొదట ‘ష’ ఒక్కటే పోయి పొల్లు మిగులుతుంది. ఆ పైన, ఏ సంకేతం తెర మీద ఎన్ని గడులు ఆక్రమిస్తుందో రీడ్‌లైన్ లెక్క ఒకలా, టెర్మినల్ గీసే తీరు ఒకలా ఉంటే కర్సర్ ఒక చోట, దిద్దుబాటు ఇంకో చోట జరుగుతాయి. ఈ చిక్కు రీడ్‌లైన్‌లో ఒక్కచోట తీరేది కాదు. సీ లైబ్రరీలో అక్షరాల వెడల్పు పట్టిక, టెర్మినల్, ఫాంటు, అన్నీ కలిసి రావాలి. తెలుగు ఒత్తులు, గుణింతాలు చేతికి తెలిసినవాళ్ళు కూర్చుంటే తప్ప ఇది తెమలదు. అలాంటివాళ్ళు హైదరాబాదులోనూ విశాఖలోనూ అమెరికాలోనూ ఉన్నారు. సోర్సు అందరికీ తెరిచే ఉంది.

ఆ పని పెట్టుకునేవాళ్ళు బాష్‌లో బైండ్ అని కొట్టి, ఖాళీ వదిలి, అడ్డగీత, పెద్ద పీ కొట్టి చూడండి. ఇందాక చెప్పిన పేర్లన్నీ, వాటికి ముడిపడిన కీలతో సహా వరుసగా దిగుతాయి. కర్సర్‌ను ఒక అక్షరం ముందుకు జరిపేదాన్నీ, ఒక అక్షరం వెనక్కి చెరిపేదాన్నీ మొదట పట్టుకోండి.