మొండి తామర - వంటింటి దినుసులు



ఈ రోజు మనం తామర గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం. కొలనులో పూసే తామర కాదు లెండి. ఒంటిమీద గుండ్రంగా లేచి, అంచు ఎర్రబడి, రాత్రింబవళ్ళు దురద పెట్టే తామర. లంగా బొందు బిగించే చోట, చంకల్లో, తొడల మధ్య వస్తుంది గనుక ఎవరితోనైనా చెప్పుకోవాలంటే సిగ్గు. అందుచేత ఏం చేస్తాం? ఎవరికీ తెలియకుండా మెడికల్ షాపు నుంచి ఒక ట్యూబు తెప్పించుకుంటాం. లేదా పెద్దవాళ్ళు చెప్పారని వెల్లుల్లి నూరి పట్టిస్తాం. ఈ రెండింటి సంగతీ తెలుసుకోవటం చాలా అవసరం.

తామర అనేది ఫంగస్ వల్ల వస్తుంది. ఊరగాయ జాడీలో తడి చెంచా పెడితే పట్టే బూజు ఉంది చూశారూ, ఆ జాతిదే ఇదీను. పూర్వం డాక్టరు ఇచ్చిన మందు కొద్ది వారాలు రాస్తే తగ్గిపోయేది. కాని గత పది పన్నెండేళ్ళుగా మన దేశంలో మందులకు లొంగని తామర బాగా పెరిగింది. 2020లో జపాను శాస్త్రజ్ఞులు ఇండియా నుంచి, నేపాలు నుంచి వచ్చిన రోగుల చర్మం మీది ఫంగస్‌ను పరీక్షించి, దానికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది! 2023లో ఇదే ఫంగస్ న్యూయార్క్ నగరంలో ఇద్దరు స్త్రీలలో కనిపించిందని అమెరికా ఆరోగ్యశాఖవారు ప్రకటించారు.

మందు ఎందుకు పనిచేయకుండా పోయిందంటే, ఫంగస్ కణం చుట్టూ ఉండే పొరకు ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం కావాలి. దాన్ని తయారుచేసే ఎంజైముకు టెర్బినఫిన్ అనే మందు అడ్డం పడుతుంది. పొర సరిగ్గా ఏర్పడక ఫంగస్ చస్తుంది. మొండి ఫంగస్ ఆ ఎంజైము ఆకారాన్నే కొంచెం మార్చుకుంది. ఇక మందు దానికి పట్టదు.

ఇందులో మన ట్యూబుల పాత్ర కూడా ఉందండీ. షాపులో అమ్మే కొన్ని ఆయింట్‌మెంట్లలో ఫంగస్ మందుతోపాటు గట్టి స్టెరాయిడ్ కూడా కలిసి ఉంటుంది. రాసిన రెండో రోజుకే దురద మాయం! "అబ్బ, ఎంత మంచి మందో" అనుకుని ఆపేస్తాం, పక్కింటి వదినగారికి కూడా చెబుతాం. నిజానికి స్టెరాయిడ్ చేసిన పని చర్మం పోరాటాన్ని అణచటమే. ఎరుపు, దురద పోతాయి, లోపల ఫంగస్ మాత్రం హాయిగా పాకుతుంది. నెల తిరక్కుండానే రెట్టింపై వస్తుంది. పైగా చర్మం పలచబడి చారలు పడతాయి. అందుకే 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ మీదనే అమ్మాలని ఉత్తర్వు తెచ్చింది.

మరి మన పెరటి మందుల మాటేమిటి అంటారా? వాటిని శాస్త్రజ్ఞులు కొట్టిపారేయటం లేదు. ఎంతో శ్రద్ధగా పరిశోధిస్తున్నారు. మనిషి కణానికీ ఫంగస్ కణానికీ పోలికలు ఎక్కువ. ఫంగస్‌ను చంపి మనిషికి హాని చేయని మందు దొరకటం కష్టం. అందుకే ఫంగస్ మందులు కొద్ది రకాలే ఉన్నాయి. మొక్కలు కదిలి పారిపోలేవు గనుక, బూజు నుంచి తమను తాము కాపాడుకోటానికి లక్షల సంవత్సరాలుగా రసాయనాలు తయారుచేసుకుంటున్నాయి. అక్కడ వెతకటం న్యాయమే కదా!

వాములో థైమాల్ ఉంది. ఆయుర్వేద దుకాణంలో వామపువ్వు పేరుతో అమ్మే పలుకులు అవే. లవంగంలో యూజినాల్ ఉంది. ఈ రెండూ ఫంగస్ పొరలోకి చొరబడి దానికి చిల్లులు పొడుస్తాయి. ఒక్క ఎంజైమును పట్టుకునే మందులు కావు గనుక, ఎంజైము మార్చుకున్న ఫంగస్ మీద కూడా పనిచేయవచ్చునని ఆశ. మానుపసుపులోని బెర్బెరిన్ సంగతి ఇంకా చిత్రం. ఫ్లూకొనజోల్‌కు లొంగని క్యాండిడా అనే ఫంగస్ మీద ఆ మందునూ బెర్బెరిన్‌నూ కలిపి ప్రయోగిస్తే లొంగిందని 2006లో చైనా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంటే పాత మందుకు మొక్క రసాయనం తోడుపడిందన్నమాట.

ఐతే ఇవన్నీ ఎక్కువగా ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో జరిగిన పనులు. గాజు పళ్ళానికి చర్మం లేదు, మంట పుట్టదు. మనకు పుడుతుంది! వెల్లుల్లి రెబ్బ నలిపినప్పుడు పుట్టే ఎల్లిసిన్‌ను 1944లో అమెరికాలో వేరుచేశారు. దానికి ఫంగస్‌ను చంపే శక్తి ఉన్నమాట నిజమే. కాని పచ్చి వెల్లుల్లి ముద్ద కట్టుకుని చర్మం కాలి బొబ్బలెక్కినవాళ్ళు ఎందరో ఉన్నారు. చిక్కని లవంగ నూనె కూడా అంతే. పసుపులోని కర్కుమిన్ నీటిలో కరగదు, తిన్నా ఒంటికి పట్టేది బహుస్వల్పం. పసుపు వంటకు మంచిదే, దాంతో మొండి తామర పోతుందని మాత్రం నమ్ముకోకండి.

మొక్క నుంచి మందు తయారవటం ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. మన పాలమూరు, నల్లగొండ చేలలో పండే ఆముదాల నుంచి వచ్చే నూనెను చాలా ఎక్కువ వేడి మీద విడగొడితే అన్‌డెసిలెనిక్ ఆమ్లం వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా సైనికుల కాలివేళ్ళ మధ్య వచ్చే తామరకు ఈ ఆమ్లంతో చేసిన పూతమందు వాడారు. మామూలు తామరకు ఇప్పటికీ ఆ మందు ఉంది. అలాగని సీసాలోని ఆముదం రాసుకుంటే అది మందవుతుందా? కాదు. నూనెను విడగొట్టి, శుద్ధిచేసి, మోతాదు కట్టి, మనుషుల మీద పరీక్షించి చూసిన తరువాతే అది మందైంది. సీమ అవిసె ఆకును తామరకు వాడటం మనకూ తెలుసు, ఫిలిప్పీన్స్‌లో ఐతే అక్కడి ఆరోగ్యశాఖవారే దాన్ని తాము ఎంపిక చేసిన పది ఔషధ మొక్కల్లో చేర్చారు. కాని మందులకు లొంగని తామరకు ఇది చాలునని చెప్పటానికి ఇంకా రుజువు లేదు.

ఇక మనం ఇంట్లో చేయవలసినవి. ఒకటి, స్నానం కాగానే చర్మం మడతల్లో తడి లేకుండా తుడుచుకోవాలి. రెండు, తువ్వాలు, దుప్పటి, లోబట్టలు ఎవరివి వారికే ఉండాలి. వాటిని వేడినీళ్ళలో ఉతికి, ఎండలో తిరగేసి ఆరవేయాలి. వానాకాలమైతే ఇస్త్రీ పెట్టండి. మూడు, ఇంట్లో ఎంతమందికి ఉంటే అంతమందికీ ఒకేసారి వైద్యం జరగాలి. లేకపోతే ఒకరికి తగ్గేసరికి మరొకరి నుంచి మళ్ళీ అంటుకుంటుంది. నాలుగు, ట్యూబు మీది పేర్లు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి పేరు కనిపిస్తే మీ అంతట మీరు తామరకు రాసుకోకండి. ఇప్పటికే వాడుతుంటే ట్యూబు తీసుకెళ్ళి డాక్టరుకు చూపించండి. ఐదు, దురద పోయిందని మందు ఆపకండి. డాక్టరు చెప్పినన్ని వారాలూ వాడండి. చక్కెర జబ్బున్నవాళ్ళు, గర్భిణులు, పసిపిల్లల తల్లులు ఆకుపసర్ల జోలికి పోకుండా ముందే డాక్టరును కలవటం మంచిది.

అన్నిటికన్నా ముఖ్యం, సిగ్గుపడి దాచుకోవద్దు. చర్మవైద్యులకు ఇది రోజూ చూసే జబ్బే. మీరు ఇంట్లో రాసుకున్న పసరేదైనా ఉంటే అది కూడా దాచకుండా చెప్పండి. వాళ్ళేమీ నవ్వరు. ఎంత త్వరగా చెబితే అంత త్వరగా ఇంటిల్లిపాదీ నిద్రపోతారు.